మా ఊరి దిగుడుబావికి క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటున్నాం: దేనికి లింకు ఇవ్వాలి, దేని మీద చెక్కించాలి?

చెరువుగట్టు | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది కృష్ణ ఒడ్డున చిన్న పల్లె. ఉద్యోగం హైదరాబాదులో, మనసు ఊళ్లో. సంక్రాంతికి పాత విద్యార్థులం కూర్చున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఊళ్లో చెప్పుకోదగ్గవి పన్నెండు తేలాయి: మెట్లతో దిగే బావి, గుడి ముందు శాసనం రాయి, బడి ఆవరణలో రావిచెట్టు, లాకుల దగ్గర పాత బంగళా, గ్రంథాలయం, ఇంకా కొన్ని. ఒక్కోదాని దగ్గరా బోర్డు పెట్టి, క్యూఆర్ కోడ్ వేసి, ఫోన్ చూపిస్తే దాని కథంతా వచ్చేలా చేద్దామని.

ఎందుకంటే తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. నిరుడు మా పెదనాన్న పోయారు. బావిలో ఎన్నో మెట్టు దాకా ఊట వస్తే ఆ ఏడు రెండో పంట పెట్టుకోవచ్చో ఆయనకు తెలుసు. ఆ మెట్టు మీద చేప బొమ్మ ఉంటుందనేవారు. ఆయన పోయాక, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు దిగి చూశాను. కొబ్బరి పీచుతో నాచు రుద్దితే బయటపడింది. జానెడు చేప, పొలుసులు కూడా గీశారు, కన్ను దగ్గర చిన్న గుంట. ఊళ్లో పాతికేళ్ల లోపు పిల్లలెవరికీ ఆ సంగతి తెలియదు.

మా తమ్ముడు ఏదో ఉచిత సైటులో నమూనా కోడ్ తయారుచేశాడు. ఫ్లెక్సీ వేసే ఆయన్ని కూడా అడిగాం. వేయించేముందు మీ మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను. లింకు దేనికి ఇవ్వాలి? బోర్డు దేని మీద చేయించాలి? పదేళ్లు నిలవాలి.

కోడ్‌గూడు | శనివారం, ఉదయం 9:15

మంచి పని తలపెట్టారు. అచ్చుకి ఇచ్చేముందు ఒక్కటి చూడండి. ఆ నమూనా కోడ్‌కి ఫోన్ చూపించి, పేజీ తెరవకముందే తెర మీద వచ్చే అడ్రసు చదవండి. అందులో మీ పేజీ పేరు కాకుండా ఆ కోడ్ తయారుచేసిన సైటు పేరు ఉంటే దాన్ని పక్కన పడేయండి. దాన్ని డైనమిక్ కోడ్ అంటారు. గళ్లలో ఉండేది వాళ్ల అడ్రసు, అక్కణ్ణుంచి వాళ్లు మీ పేజీకి దారి చూపిస్తారు. ఉచిత గడువు తీరినా, ఆ సైటు మూతపడినా మీ బోర్డు పనికిరాదు.

మా కాలేజీ స్వర్ణోత్సవ సంచికకి ఇదే జరిగింది. మా లెక్కల మాస్టారి గొంతు రికార్డు చేసి, దానికి కోడ్ వేసి, 800 ప్రతులు పంచాం. మూడో వారానికి కోడ్ చూపిస్తే డబ్బు కట్టమనే పేజీ వచ్చింది. పంచిన ప్రతులు వెనక్కి రావు కదా. మాస్టారు ఫోన్ చేసి ‘నా పాఠం రావట్లేదేమిటోయ్’ అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.

స్టాటిక్ కోడ్ చేయించండి. అడ్రసే నేరుగా నలుపు తెలుపు గళ్లవుతుంది. దానికి గడువు లేదు, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. 1994లో జపాన్‌లో డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం దీన్ని తయారుచేసినప్పటి నుంచీ, పేటెంటు ఉన్నా ఆ హక్కు అడ్డుపెట్టి ఎవరినీ ఆపలేదు. అందుకే ఇవాళ ఇడ్లీబండి మీద కూడా ఉంది.

ఎనామిల్ బోర్డు | శనివారం, ఉదయం 10:20

అన్నా, నేను వరంగల్ల బోర్డులు జేస్త, ఇరవై రెండేండ్లాయె. ఫ్లెక్సీ మీద ఎయ్యకున్రి. మన ఎండకు ఆర్నెల్లల్ల నలుపు బూడిద రంగైతది, ఫోన్ పట్టది. స్టిక్కరేసి ల్యామినేషన్ జేస్తె రెండేండ్లు, మీద బుడగలొస్తయి. స్టీలు రేకు మీద లేజర్ కొట్టిస్తమంటరు, సూడనీకి బాగుంటది గాని పగటిపూట అద్దం లెక్క మెరుస్తది, ఫోన్‌ల మొఖం గనబడతది తప్ప కోడ్ చదవది.

పదేండ్లంటే రాయి నయం. గ్రానైట్. గాని ఒక్క మాట యాదికుంచుకోన్రి. నల్ల గ్రానైట్ మీద చెక్కితె చెక్కిన జాగ తెల్లగైతది, చెక్కంది నల్లగుంటది. పేర్లు చెక్కేటోళ్లు అలవాటు కొద్ది కోడ్‌ల ఉన్న నల్ల గళ్లనే చెక్కుతరు. అప్పుడు మొత్తం ఉల్టా అయితది, నలుపుకాడ తెలుపు, తెలుపుకాడ నలుపు. కొన్ని ఫోన్లు చదువుతయి, కొన్ని చదవయి. ఒక బడికి మేం గిట్లనే జేసి రాయి పాడుజేసినం, మళ్ల మా పైసలతోని చెక్కిచ్చిన. గందుకే తెల్ల గళ్లు చెక్కాలె, నల్ల గళ్లు పాలిష్ తోని వదిలెయ్యాలె. చుట్టూ అంచు గూడ తెల్లగ చెక్కాలె, నాలుగు గళ్లంత వెడల్పు. ఆ అంచు లేకుంటె కోడ్ యాడ మొదలైతదో ఫోన్‌కు తెల్వది.

ఇసుక కొట్టి చెక్కేటప్పుడు ఒక్కో గడి 3 మిల్లీమీటర్ల కన్న చిన్నగుంటె అంచులు పలుగుతయి. గళ్లు తక్కువున్న కోడ్ తీస్కరాన్రి.

పాత పోస్టుమాస్టరు | శనివారం, ఉదయం 11:05

బాబూ, నేను 36 ఏళ్లు తపాలాలో పనిచేశాను. పెద్దవాణ్ణి, ఒక మాట అడుగుతాను. బావి దగ్గర నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే చాలదా? ఫోన్ తీయాలి, డేటా ఉండాలి, సిగ్నల్ ఉండాలి, చూపించాలి, ఆగాలి. నీళ్లకు పోయే ఆడమనిషి ఇదంతా చేస్తుందా? బోర్డు మీద అక్షరాలుంటే నడుస్తూనే చదువుతుంది.

1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ కోడ్ వచ్చింది. ఆ అంకెలతో ఉత్తరాలు వేరుచేయడం ఎంత సులువైందో చేతులతో చేసినవాణ్ణి నాకు తెలుసు. కానీ పిన్ తప్పు రాసిన ఉత్తరాన్ని మేం చెత్తలో వేయలేదు. ఊరి పేరు, మండలం, ‘రామాలయం వెనక పెంకుటిల్లు’ అని అక్షరాలు ఉండేవి కనుక చేర్చేవాళ్లం. అంకెలు ఒక్కటే ఉండుంటే ఆ ఉత్తరం దారి తప్పేది. మీ గళ్ల బొమ్మ కూడా అంతే. అది చెరిగిన రోజున మనిషి చదవడానికి ఏముంటుంది?

ఆరో తరగతి టీచర్ | శనివారం, మధ్యాహ్నం 1:30

పోస్టుమాస్టారు చెప్పింది మా బళ్లో రోజూ చూస్తాను. 2017లో దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక వచ్చాక మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ పాఠం పక్కన క్యూఆర్ కోడ్లు వేశారు. ఫోన్ చూపిస్తే ఆ పాఠం వీడియో, అభ్యాసాలు వస్తాయి. గమనించారో లేదో, ఆ కోడ్ కింద ఆరక్షరాల గుర్తు కూడా ఉంటుంది. కెమెరా పనిచేయకపోయినా, పేజీ చిరిగినా ఆ ఆరూ టైపు చేస్తే అదే పాఠం తెరుచుకుంటుంది. గళ్లు, అక్షరాలు రెండూ ఉండాలని ఆ పుస్తకం చేసినవాళ్లకి తెలుసు.

ఇక ఫోన్ సంగతి. మా తరగతిలో 31 మంది. ఇంట్లో ఫోన్ నాన్నది. నాన్న పొద్దున్నే ఆటో తీసుకుని వెళ్తాడు, రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. అప్పటికి ఛార్జింగ్ ఉండదు. ఒక పాప కిరణజన్య సంయోగక్రియ వీడియో కోసం నోట్సు చివరి పేజీలో ఆ ఆరక్షరాలు రాసుకుని, ఆదివారం మేనత్త వాళ్లింటికి వెళ్లినప్పుడు చూసి వచ్చింది. సోమవారం నాకు పాఠం చెప్పింది. కోడ్ పనికిరాదని అనను. దానికోసం మూడు రోజులు ఆగిన పిల్ల ఉంది. కానీ ఆ పిల్ల ఆగగలిగింది కింద అక్షరాలు ఉన్నందుకే.

మహారాష్ట్ర సోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడిలో రంజిత్‌సింహ్ డిసలే అనే ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకాలకు ఈ కోడ్లు జోడించారు. 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ ఆయనకే వచ్చింది. ఆయన చేసినదాంట్లో నాకు నచ్చింది కోడ్ కాదు. పిల్లలది కన్నడం మాట్లాడే ప్రాంతమని కన్నడం నేర్చుకుని, పాఠాలు వాళ్ల భాషలోకి మార్చి, ఆ తర్వాతే కోడ్ పెట్టారు.

చెరువుగట్టు గారూ, మీ బడి పిల్లల చేత రాయించండి. ఒక్కొక్కరికి ఒక్కో ముసలివాళ్లని అప్పగించండి.

శాసనప్రియ | శనివారం, సాయంత్రం 4:10

ముందు నాకో మాట ఇవ్వండి. శాసనం రాయికి స్టిక్కర్ అంటించకండి, మేకు కొట్టకండి, రంధ్రం వేయకండి, గమ్ము పూయకండి. అది కేంద్ర ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో పురావస్తు శాఖ వాళ్లని అడగండి. ఉంటే 1958 నాటి చట్టం వర్తిస్తుంది, చుట్టూ 100 మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు. లేకపోయినా సరే, రాయి రాయిగానే ఉండాలి. బోర్డు పక్కన వేరే కాళ్ల మీద నిలబెట్టండి.

ఊళ్లలో భక్తితో పసుపు కుంకుమ పూస్తారు, పండక్కి సున్నం వేస్తారు. ఆ పొరల కింద అక్షరం పూడుకుపోతుంది. కొందరు చదవడానికి వీలుగా ఉంటుందని అక్షరాల్లో ఆయిల్ పెయింట్ నింపుతారు. వాళ్లు ఊహించిన అక్షరమే ఇక శాసనమైపోతుంది. ‘ర’కి ‘న’ అనుకుని నింపితే దాత పేరే మారిపోతుంది.

ఫోటో తీయడానికి ఒక ఉపాయం చెప్తాను. మిట్టమధ్యాహ్నం తీస్తే రాయి చదునుగా కనిపిస్తుంది. రాత్రి వెళ్లండి, ఇద్దరు చాలు. ఒకరు టార్చిని రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకోవాలి. వెలుగు అడ్డంగా పారితే ప్రతి గాడిలోనూ నీడ పడుతుంది, పగలు కనిపించని వరస లేచి నిలబడుతుంది. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయండి. ఆ ఫోటోలు, చదివిన పాఠం, ఇప్పటి తెలుగులో దాని అర్థం, మూడూ మీ కోడ్ వెనక పేజీలో ఉంటే ఆ రాయి దగ్గర నిలబడ్డ మనిషి ఫోన్‌లో చూసి రాతి మీద వేలు పెట్టి ‘ఇదిగో ఈ అక్షరం’ అనుకోగలడు. మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం, కడప జిల్లా కలమళ్ళలో 575 నాటి ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, ఒక విరిగిన స్తంభం మీద ఉంది. ఎవరో శ్రద్ధగా నకలు తీసి చదివి అచ్చువేశారు కనుకే మనకు అందింది. కోడ్ పని కూడా అలా నకలు దాచిన చోటికి తీసుకెళ్లడమే.

సెవెర్న్ తీరం | శనివారం, రాత్రి 9:50

నేను బ్రిస్టల్‌లో ఉంటాను. ఇక్కణ్ణుంచి గంటలోపు దూరంలో వేల్స్‌లో మన్మత్ అనే ఊరుంది. 2012 మేలో ఆ ఊరు ఊరంతా ఇదే పని చేసింది. మన్మత్‌పీడియా అన్నారు. గోడల మీద పింగాణీ పలకలు, దుకాణాల అద్దాల మీద కాగితాలు, కలిపి వెయ్యి దాకా కోడ్లు, అన్నీ వికీపీడియా వ్యాసాలకు. మా పిల్లల్ని తీసుకెళ్లి షైర్‌హాల్ దగ్గర పలకకి ఫోన్ చూపించాను.

వాళ్లు వాడింది క్యూఆర్‌పీడియా. రోజర్ బామ్‌కిన్, టెరెన్స్ ఈడెన్ కలిసి 2011లో డార్బీ మ్యూజియం కోసం చేశారు. చూపించిన ఫోన్ ఏ భాషలో ఉందో చూసి, ఆ భాషలో వ్యాసం ఉంటే అదే తెరుస్తుంది. ఫ్రెంచివాడికి ఫ్రెంచి, వెల్షువాడికి వెల్షు, అదే పలక. మీ ఊరికి అది సరిపోతుందేమో చూడండి.

కోడ్‌గూడు | ఆదివారం, ఉదయం 8:00

సెవెర్న్ తీరం గారు చెప్పింది అందమైన ఏర్పాటు. కానీ మన పల్లెలో చిక్కొకటి ఉంది. మా అమ్మకి తెలుగు తప్ప రాదు, ఆమె ఫోన్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది. కొన్న రోజు దుకాణంలో ఎలా ఇచ్చారో అలాగే వాడుతోంది. మనలో చాలామంది ఫోన్లు అంతే. అలాంటి ఫోన్‌కి ఆ ఏర్పాటు ఇంగ్లీషు వ్యాసం వెతికి ఇస్తుంది. అంచేత మీ కోడ్‌ని నేరుగా తెలుగు పేజీకే ఇవ్వండి.

ఇక ఎనామిల్ బోర్డు అన్న గళ్లు తక్కువ ఉండాలన్నాడు. అక్కడ తెలుగువాళ్లకే వచ్చే ఇబ్బంది ఉంది, వివరంగా చెప్తాను. ‘దిగుడుబావి’ కంటికి అయిదక్షరాలు. కంప్యూటర్‌కి గుణింతపు గుర్తులు విడిగా లెక్క కనుక పది. ఒక్కోదాన్ని దాచడానికి మూడు బైట్లు (కంప్యూటర్ కొలత) కావాలి, అంటే 30. వెబ్ అడ్రసులో ఇమడాలంటే ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే 90. ముందు తెలుగు వికీపీడియా అడ్రసు మరో 30. అయిదక్షరాల బావికి 120 అక్షరాల అడ్రసు! కోడ్ తయారుచేసే మామూలు సైటులో, కొన్ని గళ్లు చెడినా చదవగలిగే రక్షణ మధ్యస్థంగా పెడితే, ఇది అడ్డంగా 45, నిలువుగా 45 గళ్ల వరసలున్న కోడ్ అవుతుంది. గడి 3 మిల్లీమీటర్లు, రెండు పక్కలా అంచు కలిపితే దాదాపు 16 సెంటీమీటర్ల పలక.

అదే పేజీకి, వికీపీడియాని నడిపే వికీమీడియా వాళ్లే ఇచ్చే పొట్టి లింకు తీసుకుంటే 20 అక్షరాల్లో సరిపోతుంది. 25 వరసల కోడ్ చాలు. అంచుతో కలిపి 10 సెంటీమీటర్ల లోపు పలక. పైగా రక్షణ స్థాయి పెంచుకోవచ్చు. ఈ కోడ్‌లో నాలుగు స్థాయిలున్నాయి, సుమారు 7, 15, 25, 30 శాతం దాకా గళ్ల సమాచారం చెడినా మిగతాదాన్నిబట్టి లెక్కకట్టి తిరిగి తెచ్చుకుంటుంది. 25 శాతం స్థాయి మీద 25 వరసల్లోనే 20 బైట్లు పడతాయి. మీకు సరిగ్గా అదే కావాలి.

మూడు మూలల్లో ఉన్న పెద్ద చదరాలకు మాత్రం ఆ రక్షణ లేదు. ఫోన్ ముందు వెతికేది వాటినే. ఏ వైపు నుంచి గీత గీసినా నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి, ఈ కొలతలో వస్తాయి. హారా బృందం పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు గాలించి, అచ్చులో అన్నిటికంటే అరుదుగా కనిపించే కొలత ఇదని తేల్చి పెట్టుకున్నారు. అందుకని బోర్డుకి మేకు కొట్టేటప్పుడు ఆ మూలల జోలికి వెళ్లకండి. మధ్యలో ఊరి పేరో గుడి బొమ్మో పెట్టించాలని కూడా చూడకండి. అది ఆ 25 శాతం నుంచే ఖర్చవుతుంది, రేపు పిచ్చుక రెట్ట వేస్తే మిగలదు.

మందుల చీటీ | ఆదివారం, ఉదయం 9:30

చిన్న మాట. నాది మందుల దుకాణం. 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్లకు లేబుల్ మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ గానీ తప్పనిసరి. మందు అసలు పేరు, తయారీదారు, లైసెన్సు, బ్యాచి, గడువు తేదీ దాంట్లో తెలియాలి. మాకు బ్యాచి మారితే కోడ్ మారుతుంది, పాతది తప్పైనా ఆ డబ్బాలతోనే పోతుంది. మీరు రాతి మీద ఒక్కసారే చెక్కుతున్నారు. కాబట్టి చెక్కేముందు అయిదారు రకాల ఫోన్లతో, ముఖ్యంగా పాత చవక ఫోన్లతో, కాగితం మీద అచ్చు తీసి అదే ఎండలో పెట్టి చూడండి.

చెరువుగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 12:45

అందరి మాటలూ మా గ్రూపులో చదివి వినిపించాను. తమ్ముడి నమూనా చూస్తే కోడ్‌గూడు గారు చెప్పినట్టే ఆ సైటు పేరే వచ్చింది. తీసేశాం. పోస్టుమాస్టారూ, మీ మాట ఖాయం చేసుకున్నాం. బోర్డు మీద ఎనిమిది పది వరసల తెలుగు ఉంటుంది. అసలు ఆ తెలుగంతా కోడ్‌లోనే పెట్టేస్తే నెట్ లేకపోయినా వస్తుంది కదా అని ఒకరు అడిగారు. అలా కుదురుతుందా?

ఇంకొకటి. తెలుగు వికీపీడియాలో మా ఊరి వ్యాసం ఉంది, జనాభా, పిన్ కోడ్, దారులు రాసి ఉన్నాయి. దాంట్లో చేప మెట్టు గురించి రాస్తే ఉంచుతారా?

కోడ్‌గూడు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

మొదటిదానికి లెక్క చూడండి. 57 వరసల కోడ్ తీసుకున్నా, మధ్యస్థ రక్షణతో 213 బైట్లు పడతాయి. తెలుగులో గుర్తులతో కలిపి 71. రెండు చిన్న వాక్యాలు. ఆ జాగాలో ఆ రెండు వాక్యాలూ పెద్దక్షరాలతో చెక్కిస్తే కళ్లతోనే చదువుకుంటారు. పోస్టుమాస్టారిదే న్యాయం.

రెండోదానికి, వికీపీడియాలో రాసేదానికి ఆధారం అచ్చులో ఉండాలి. పెదనాన్న గారు చెప్పారంటే అక్కడ చెల్లదు, అది వాళ్ల నియమం, దానికి కారణమూ ఉంది. కానీ ఆ మాటలే మీకు ముఖ్యం. కాబట్టి మీ గ్రంథాలయం పేరు మీద ఒక చిన్న పుస్తకం వేయండి, ముప్పై పేజీలైనా చాలు. చెప్పినవాళ్ల పేరు, వయసు, చెప్పిన తేదీ రాయండి. దాన్ని పుస్తకాలు ఉచితంగా దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో ఎక్కించండి. ఫోటోలు వికీపీడియా వాళ్ల బొమ్మల భాండారం వికీమీడియా కామన్స్‌లో పెట్టండి, ఎవరైనా వాడుకోవచ్చని అనుమతి ఇచ్చి. ఊరి పేజీ ఒకటి మీరే నడపాలనుకుంటే సొంత డొమైన్ (వెబ్ అడ్రసు పేరు) కొనండి, ఒకేసారి పదేళ్లకి కట్టొచ్చు. కానీ పదకొండో ఏడు ఎవరు కడతారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. విదేశంలో ఒక పేరున్న సాసు కంపెనీ పోటీ కోసం సీసాల మీద కోడ్ వేసి, పోటీ అయ్యాక డొమైన్ వదిలేసింది. దాన్ని అశ్లీల సైటువాళ్లు కొనుక్కున్నారు. అన్నం ముందు కూర్చుని సీసాకి ఫోన్ చూపించినవాళ్ల తెర మీద ఏం వచ్చిందో ఊహించుకోండి. బడి దగ్గర పెట్టే బోర్డుకి ఆ గతి పట్టకూడదు.

చేతివేళ్లు | ఆదివారం, సాయంత్రం 6:05

నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంది, అలాగే ఇదంతా విన్నాను. కోడ్ మాలాంటివాళ్లకి నిజంగా ఉపయోగం, బోర్డు మీది అక్షరం నేను చదవలేను, పేజీ అయితే వింటాను. కానీ కోడ్ ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? స్పెయిన్‌లో అలికాంటే విశ్వవిద్యాలయంతో కలిసి నావిలెన్స్ అనే రంగుల కోడ్ చేశారు, దూరం నుంచి ఫోన్ ఊపినా పట్టుకుంటుంది, బార్సిలోనా మెట్రోలో వాడుతున్నారు. మీకు అంత అక్కర్లేదు. పన్నెండు బోర్డుల్లోనూ కోడ్ ఒకే ఎత్తులో, ఒకే మూలలో పెట్టండి. చుట్టూ వేలికి తగిలేలా ఒక గట్టు చెక్కించండి. మొదటి బోర్డు దగ్గర ఒకరు చెయ్యి పట్టి చూపిస్తే, మిగతా పదకొండూ నేనే వెతుక్కుంటాను. ఫోటోల కింద ఆ ఫోటోలో ఏముందో రెండు ముక్కలు రాయడం మర్చిపోకండి. చేప పొలుసులు, కన్ను దగ్గర గుంట అని మీరు రాశారే, అది విన్నాక ఆ చేప నాకు కనిపించింది.

టిఫిన్ సెంటర్ | ఆదివారం, రాత్రి 8:40

ఒక జాగ్రత్త చెప్తాను సార్. మా కౌంటరు మీద డబ్బులు కట్టే కోడ్ మీద ఎవడో రాత్రికి రాత్రి తన కోడ్ అతికించిపోయాడు. పొద్దున్నుంచి పదకొండింటి దాకా దోసెలు మావి, డబ్బులు వాడివి. పక్కింటి అక్క కట్టాక పేరు వేరే వస్తోందని చెబితే తెలిసింది. కాబట్టి ఊరి బోర్డు మీద విరాళాల కోడ్ మాత్రం వద్దు. ఒకసారి అలవాటైతే దాని మీద ఇంకోటి అతికించడం నిమిషం పని. కోడ్ కింద అడ్రసు కూడా అక్షరాల్లో చెక్కించండి, తెర మీద వచ్చిందీ రాతి మీదదీ ఒకటేనా అని చూసుకోవచ్చు. రాతి మీద చెక్కింది అయితే పైన కాగితం అతికించినా చేతికి తెలుస్తుంది.

చెరువుగట్టు | మూడు నెలల తర్వాత, ఆదివారం, ఉదయం 6:50

చాలా రోజులకి వస్తున్నాను. పన్నెండులో అయిదు బోర్డులు నిలబెట్టాం: బావి, శాసనం, రావిచెట్టు, గ్రంథాలయం, లాకుల బంగళా. ఎనామిల్ బోర్డు అన్న చెప్పినట్టే తెల్ల గళ్లు చెక్కించాం. చెక్కే మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, చిన్న ముక్క మీద రెండు రకాలూ చేసి ఫోన్లు చూపిస్తే అప్పుడు నమ్మాడు. చెట్టుకి మేకు కొట్టలేదు, మొదలుకి నాలుగడుగుల దూరంలో రాయి పాతాం. శాసనం దగ్గర బోర్డు వేరే కాళ్ల మీద ఉంది. రాత్రి టార్చితో తీసిన ఫోటోలో కింది వరస మొత్తం కనిపించింది, అక్కడ అక్షరాలున్నాయనే ఊళ్లో ఎవరికీ తెలియదు. చదవడానికి ఒక ప్రొఫెసర్ గారికి పంపాం.

ఆరు, ఏడు తరగతుల పిల్లలు పందొమ్మిది మంది పెద్దవాళ్లతో మాట్లాడి రాసుకొచ్చారు. టీచర్ గారూ, అది మీ పుణ్యం. పుస్తకం 44 పేజీలైంది, ఆర్కైవ్‌లో ఉంది.

గ్రంథాలయం బోర్డు పదకొండు నుంచి మూడు దాకా మెరిసి ఫోన్ పట్టేది కాదు. కొంచెం ముందుకి వాల్చాం, సరిపోయింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. బావి బోర్డు మీద ‘పైనుంచి 17వ మెట్టు మీద చేప బొమ్మ’ అని చెక్కించాం, నేనే దిగి లెక్కపెట్టాను కనుక. నిలబెట్టిన వారానికి మాలపల్లి నుంచి ఒక ముసలాయన, ఎనభై దాటి ఉంటాయి, మనవడి ఫోన్‌లో పేజీ చదివించుకుని, కర్ర పట్టుకుని గ్రంథాలయానికి వచ్చారు. ‘పదిహేడు కాదు, ఇరవై’ అన్నారు. రోడ్డు ఎత్తు చేసినప్పుడు పై మూడు మెట్లు మట్టిలో పోయాయట. ఆ మట్టి మోసినవాళ్లలో తనూ ఒకడినన్నారు. అంతే కాదు, ఆ బావిలో ఆ రోజుల్లో తమవాళ్లని దిగనిచ్చేవారు కాదని, చేప మెట్టు తను ఎప్పుడూ చూడలేదని, పైనుంచి దిగేవాళ్లు లెక్కపెడుతుంటే విని గుర్తుపెట్టుకున్నానని చెప్పారు. ఆయన గొంతు రికార్డు చేశాం. ఆ రోజు నీళ్లు తక్కువగా ఉన్నాయి. మనవడు, నేను చెరో వైపూ పట్టుకుంటే మెల్లగా దిగారు. చేప మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నారు.

మా పుస్తకంలో ఈ మాట లేదు. పందొమ్మిది మందిని అడిగాం, ఆ పేటలో ఒక్కరినీ అడగలేదు. రెండో కూర్పుకి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం. పేజీ ఆ రాత్రే సరిచేశాం, ఆయన గొంతు అందులో అందరికంటే పైన ఉంది.

పాత పోస్టుమాస్టరు | ఆదివారం, ఉదయం 7:30

చదివాను నాయనా. రెండుసార్లు చదివాను. నేను అక్షరాలే చాలన్నాను. అక్షరాలు తప్పు చెక్కారు, గళ్ల వెనక ఉన్నది సరిదిద్దుకున్నారు. ఆ ముసలాయన్ని గ్రంథాలయం దాకా తెచ్చింది కూడా ఆ పేజీయే. ఇది నేను ఒప్పుకోవాలి. మరి రాతి మీద ఉన్న 17 సంగతి ఏం చేస్తారు?

చెరువుగట్టు | ఆదివారం, ఉదయం 8:15

మేస్త్రిని అడిగాం పోస్టుమాస్టారూ. కొట్టేయొద్దు, కింద ఒక వరస చెక్కుతానన్నాడు: ‘రోడ్డు కింద మరో మూడు మెట్లు ఉన్నాయి.’ గురువారం వస్తాడు. ఎనామిల్ బోర్డు అన్నా, ఆ వరస కోడ్ అంచుకి ఎంత ఎడంగా ఉండాలి?

ఎనామిల్ బోర్డు | ఆదివారం, ఉదయం 8:40

నాలుగు గళ్లు వదిలిపెట్టినవు గదా, గా తెల్ల అంచు దాటినంక ఇంకో రెండు వేళ్ల వెడల్పు వదులు. చెక్కినంక తుడిచి, మళ్ల అన్ని ఫోన్లతోని చూసి నాకు ఫోటో పెట్టు.